నలభై ఒక్క రోజుల సాకు

"ఏం స్వామీ, మీకు జర్రన్న సిగ్గున్నదా స్వామీ? రెండేండ్లకు ఇంటికొచ్చి వారం తిరగకముందే మాలేసుకునుడేంది? ఎవ్వల నడిగి ఏసుకున్నరు స్వామీ?"

"మాతా, జర నెమ్మదిగ మాట్లాడు మాతా. గోడకవుతల మంది ఇంటరు."

"ఇననీ! వాడకట్టంత ఇననీ! మాతనట మాత! పన్నెండేండ్ల సంది కాపురం జేస్తున్న పెండ్లాన్ని, నేను మీకు మాతనా స్వామీ?"

గోడకవతల ఉన్న మంది ఒక్కడే. పేరు ఖయ్యూం. నోట్లో బ్రష్షు పెట్టుకుని, తోముకోవడం మరిచిపోయి, చెవి గోడకు ఆనించి నిలబడ్డాడు. మంచిర్యాలలో ఏప్రిల్ నెల. పొద్దున ఏడింటికే గోడ వెచ్చగా ఉంది. అయినా చెవి తీయలేదు.

హనుమాన్ దీక్ష తీసుకున్నవాడిని ఇంట్లోవాళ్లు కూడా స్వామీ అనే పిలవాలి. అతను ప్రతి ఆడమనిషినీ మాతా అనాలి. పెళ్లానికి కూడా మినహాయింపు లేదు. అందుకని పాపం జమున కడుపులో ఉన్నదంతా కక్కుదామని నోరు తెరిచినప్పుడల్లా మర్యాద వచ్చి అడ్డం పడుతోంది.

"పోయినసారి వచ్చినప్పుడు శనివారం కోడి కొయ్యొద్దన్నందుకు నామీదికి లేచిన మనిషి మీరు. ఇప్పుడు గీ భక్తి యాడికెల్లి వచ్చింది స్వామీ? నా మొకం సూడ బుద్దైతలేదా? గట్ల జెప్పుండ్రి, మా అవ్వగారింటికి పోత."

దానికి జవాబుగా చెంబుతో నీళ్లు పోసుకుంటున్న చప్పుడు వినిపించింది. మగవాడికి జవాబు లేనప్పుడు స్నానం బాగా పనికొస్తుంది. దీక్షలో అయితే రోజుకు రెండుసార్లు.

"క్యా హువా జీ? గోడకు అతుక్కున్నరా?" అని వంటింట్లోంచి అతని పెళ్లాం కుబ్రా కేక వేసింది. ఖయ్యూం బ్రష్షు మళ్లీ ఆడించాడు.

గోడకవతల మాలేసుకున్న ఈ హనుమండ్లు ఏడో తరగతి నుంచీ ఖయ్యూంకు సోపతి. ఖయ్యూంకు పెద్ద దవఖాన ఎదురుగా జిరాక్స్, లామినేషన్ దుకాణం. హనుమండ్లు బతుకంతా ఆ దుకాణంలోని వేడి రోలర్ల మధ్యనుంచే పోయింది. పదో తరగతి మెమో లామినేషన్ చేయించాడు. ఇంటర్ మధ్యలో వదిలేసి పత్తిచేను పట్టినప్పుడు, ఎందుకైనా మంచిదని హాల్‌టికెట్ కూడా చేయించాడు. ఇరవై రెండేళ్లకు గల్ఫ్ పోయాడు. అప్పటినుంచీ పాత పాస్‌పోర్టు కాపీలు, మస్కట్ గేట్‌పాసు, షార్జా కంపెనీ ఇచ్చిన భద్రతా శిక్షణ సర్టిఫికెట్, పెళ్లి పత్రిక, బిడ్డ పుట్టిన కాగితం... అన్నిటికీ ప్లాస్టిక్ తొడుగే. కాగితం ఏదైనా సరే, లామినేషన్ అయితే ఇక దాన్ని ఎవరూ కాదనలేరని అతని గట్టి నమ్మకం. పన్నెండో అంతస్తులో ఇనుప గొట్టాల మీద నిలబడి పరంజా కట్టేవాడు, నేలమీద ఒక్క కాగితం తడిస్తే వణికిపోతాడు.

మాల వేసుకోవడానికి ముందు రోజు కూడా దుకాణానికి వచ్చాడు. నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఇచ్చి, "కండ్లు మూస్కొని చెయ్యి భాయ్" అన్నాడు.

"కండ్లు మూస్కొని చేస్తే నా ఏళ్లకు లామినేషన్ అయితదిరా."

మడతలు విప్పి చూస్తే రక్తపరీక్ష రిపోర్టు. హెచ్ఐవి లేదని ఉంది. గల్ఫ్ పోయేవాళ్లకు మెడికల్ మామూలే కనుక ఖయ్యూం పట్టించుకోలేదు. ఇప్పుడు గోడ పక్కన నిలబడ్డాక ఆ కాగితమూ, ఈ మాలా ఒక్కదగ్గరికి వచ్చి కూర్చున్నాయి. సెలవు మీద వచ్చినవాడు మెడికల్ అప్పుడే ఎందుకు చేయించుకున్నాడు?

పది గంటలకు హనుమండ్లే దుకాణానికి వచ్చాడు. కాషాయం లుంగీ, మెడలో మాల, నుదుటన సింధూరం, చేతిలో లీటరు సీసా నిండా సబ్జా నీళ్లు. కాళ్లు కొంచెం ఎడంగా వేసి నడుస్తున్నాడు.

"ఖయ్యూం స్వామీ, జర కూసుంట."

"నన్ను స్వామిని చెయ్యకు. అసలు సంగతి చెప్పు. ఆ రిపోర్టు దేనికి?"

"వేడి చేసింది స్వామీ. షార్జాల ఏసీ, ఈడ ఎండ. ఒంటికి పోతే మంటలేస్తుంది. బార్లీ తాగిన, సబ్జా తాగిన, నిన్న ఏడు కొబ్బరిబోండాలు తాగిన. తాగినకొద్దీ పోవాల్సొస్తుంది. పోయినప్పుడల్లా సచ్చి బతుకుతున్న."

"వేడికి హెచ్ఐవి పరీక్ష ఎవడు చేపిస్తడుర?"

హనుమండ్లు సీసా కింద పెట్టాడు. అటూ ఇటూ చూశాడు. దుకాణంలో జిరాక్స్ మిషన్ తప్ప ఎవరూ లేరు. దాన్ని కూడా ఒకసారి అనుమానంగా చూసి, స్వామీ అనడం మానేసి చెప్పాడు.

"ముంబైల దిగినం భాయ్. రైలు తెల్లారి ఉండె. ఎంబడున్నోళ్లు బయటికి పోదాం రమ్మన్నరు. నేను రానన్న. మళ్లొకసారి అన్నరు. ఇగ పోయిన."

"ఎన్నిసార్లు రానన్నవ్?"

"ఒక్కసారే."

"నిరోధ్?"

హనుమండ్లు మాల పూసలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు. అదే జవాబు.

ఇంటికి చేరిన నాలుగో నాటికి మంట మొదలైంది. ఐదో నాడు బస్టాండ్ దగ్గర ల్యాబ్‌కు పోయి రక్తం ఇచ్చాడు. ఎప్పుడు ఏం జరిగిందో ఇతను చెప్పలేదు, వాళ్లు అడగలేదు. రిపోర్టులో ఏమీ లేదని రాగానే సంబరపడి లామినేషన్ చేయించి భుజం సంచిలో పెట్టుకున్నాడు. ఆరో నాడు పొద్దున లుంగీకి చీము మరక కనిపించింది. ఆ రోజు వాడకట్టులో ఇద్దరు మాల వేసుకుంటుంటే, వాళ్ల వెనక మూడోవాడిగా పోయి నిలబడ్డాడు. నలభై ఒక్క రోజుల బ్రహ్మచర్యం. నేలమీద పడక. పెళ్లాం ఎందుకని అడగడానికి వీల్లేదు. ఇంత మంచి సాకు పంచాంగంలో దొరుకుతుందని అతనికి అప్పటిదాకా తెలియదు.

హనుమండ్లు చెడ్డవాడు కాదు, పిరికివాడు. ఈ రెండింటికీ చాలా తేడా ఉందని మనం అనుకుంటాం. జమునకు మాత్రం జరిగేది ఒక్కటే.

"నడువ్, ఎదురుంగ దవఖాన్ల ఒక రూముంది. నూరీన్ మేడం ఉంటది. మందు ఫుకట్, పైస అడగరు, ఎవ్వలకు చెప్పరు," అన్నాడు ఖయ్యూం షట్టర్ సగం దించుతూ.

"గీ బట్టలతోనా?"

"విప్పుతవా మరి?"

విప్పకూడదు కనుక ఆ బట్టలతోనే పోయారు. సుఖవ్యాధుల విభాగం అన్న బోర్డు కింద బల్లమీద కాషాయంలో కూర్చుంటే చూడనివాడు లేడు. చీటీ పట్టుకుని పోతున్న ముసలామె ఒకతె, పేరు లింగవ్వట, ఆగి వంగి కాళ్లు మొక్కింది.

"రోగులకు పండ్లు పంచనీకి వచ్చినవా స్వామీ? సల్లగుండు. నా మోకాలు మీద జర చెయ్యి పెట్టు."

హనుమండ్లు మోకాలు మీద చెయ్యిపెట్టాడు. చెయ్యి వణుకుతోంది. లింగవ్వ అది స్వామి మహిమ అనుకుంది.

లోపల నూరీన్ మేడం ముందు రిజిస్టర్, పక్కన రంగురంగుల మందు పొట్లాలు. తోడు వచ్చినవాడు బయట ఉండాలంది. "వాడు లేకపోతే నాకు మాట రాదు మేడం" అన్నాడు హనుమండ్లు. తీరా మాట వచ్చాక, "నాకు గాదు, మా దోస్తుకు" అన్నాడు.

మేడం ఖయ్యూం వైపు చూసింది. ఖయ్యూం రెండు చేతులూ ఎత్తి, "అల్లా కసమ్ మేడం, నేను గాదు" అన్నాడు.

"సరే స్వామీ. మీ దోస్తు లుంగీ మీద మరక ఎన్నడు పడ్డది?"

ఇక దోస్తు ఎక్కువసేపు నిలవలేదు. ముంబై, మంట, బార్లీ, బోండాలు అన్నీ బయటికి వచ్చాయి. చివరికి సంచిలోంచి లామినేషన్ రిపోర్టు తీసి పాస్‌పోర్టు చూపించినట్టు చూపించాడు.

మేడం దాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. "మంచిగ చేసిండ్రు, ఒక్క బుడగ లేదు" అంది. ఖయ్యూం లోపల్లోపల పొంగిపోయాడు.

"మీది ఎవుసం ఇల్లేనా స్వామీ?"

"పత్తి మేడం."

"పత్తి గింజ పెట్టినంక రెండో నాడు పోయి చూస్తే మొలక కనవడ్తదా? కనవడలేదని చేన్ల గింజనే లేదని కాగితం రాయించుకొచ్చినవ్. గీ రిపోర్టు ముంబై ముందటి ముచ్చట చెప్తది. ముంబై ముచ్చట చెప్పనీకి దానికింక టైం కాలే."

హనుమండ్లు ముఖం వాడిపోయింది. మేడం ఆగలేదు. పిల్లలకు ఎక్కాలు చెప్పినట్టు వేళ్లు మడుస్తూ చెప్పింది.

"ఇగో, గివన్నీ ఒక్కనాడు రావు. దేని గడువు దానికుంటది. మంట, చీము రెండొద్దుల సంది రెండుమూడు వారాల లోపట బయటపడ్తయి. నీకు అదే వచ్చింది, వేడి గాదు. వేడికి చీము రాదు. ఇంకోటుంటది, పుండు. నొప్పుండది. మూడు వారాలకు రావచ్చు, రెండుమూడు నెలలకూ రావచ్చు. దానంతటదే మానుతది. మానింది గదా అని బోండాం తాగి పండుకుంటే గాడనే మోసం. పుండు పోతది, రోగం రక్తంల కూసుంటది. ఇగ నీ కాగితం మీద రాసిన పెద్దది ఉన్నదే, దానికి ఇయ్యాల రక్తం ఇయ్యి, ముంబై సంది ఆరు వారాలకు ఇయ్యి, మళ్ల మూడు నెలలకు ఇయ్యి. అప్పుడు లేదంటే లేదు."

ఖయ్యూం గోడమీది క్యాలెండర్ చూస్తూ లెక్కపెట్టాడు. ముంబై నుంచి మాల దాకా ఏడు రోజులు. దానికి నలభై ఒకటి కలిపితే నలభై ఎనిమిది. ఆరు వారాలంటే నలభై రెండే.

"అరే, మాల దిగేలోపల ఆరు వారాల పరీక్ష అయిపోతదిరా!"

హనుమండ్లు ముఖం వెలిగింది. "చూసినవా, స్వామి లెక్క తప్పది."

"మరి మూడు నెలలకు?" అంది మేడం.

"అప్పటికి నేను షార్జాల ఉంట మేడం. ఆడ ఇస్త రక్తం."

"నువ్వు షార్జాల ఉంటవ్. నీ భార్య?"

"ఆమెకేం మేడం? మాలేసుకున్నంక నేను ఆమె దిక్కు గూడ పోలే."

"మాలేసుకోకముందు?"

ఖయ్యూం కిటికీలోంచి తన దుకాణం షట్టర్‌ను శ్రద్ధగా చూశాడు.

"వచ్చిన నాడు... రెండేండ్లకు వచ్చిన గద మేడం," అన్నాడు హనుమండ్లు నేలతో. "అప్పటికి నాకు మంట లేకుండె."

"మంట రాకముందు గూడ అంటుకుంటది."

"ఆమెకు ఏమీ లేదు మేడం. మంచిగున్నది. పొద్దంత నన్ను తిడ్తనే ఉన్నది."

"తిట్టుడు ఆరోగ్యానికి గుర్తు గాదు స్వామీ. ఆడోళ్లల్ల శానమందికి మంట ఉండది, ఏముండది. లోపల్లోపల మీదికి పాకుతది. ముదిరితే పిల్లలు కావుడే కష్టమైతది. ఇంకో పిల్లనో పిలగాడో కావాలనుకుంటున్నరా?"

ఖయ్యూంకు తెలుసు. బిడ్డకు ఎనిమిదేళ్లు. రెండో కాన్పు కోసం జమున ఈ సెలవుకే రెండేళ్ల నుంచి రోజులు లెక్కపెడుతోంది. కుబ్రాతో గోడమీంచి ఎన్నిసార్లు చెప్పిందో.

మేడం బూడిదరంగు పొట్లం ఒకటి తీసి, గోలీలు అక్కడే మింగించింది. తినే ముందా, తిన్నాకా, తనకు ఒక్కపూటే భిక్ష కదా అని హనుమండ్లు అడిగిన ప్రశ్నకు నీళ్ల గ్లాసు చూపించింది. మింగేశాక అతను గొంతు తగ్గించాడు.

"మేడం, ఇంకో పొట్లం ఇయ్యుండ్రి. ఆమెకు మజ్జిగల కలిపి ఇస్త. వేడికి మందని చెప్త."

"ఏమిస్తవ్? ఆమెకు గా గోలీ పడ్తదో పడదో నీకెర్కనా? కడుపుతోని ఉన్నదేమో ఎర్కనా? చూడకుండ, అడగకుండ, మజ్జిగల! పశువుకు గూడ గట్ల పొయ్యరు." మేడం గొంతు మొదటిసారి పెరిగింది. "తీస్కరా. గీ వారంల తీస్కరా. ఎట్ల చెప్తవో నీ ఇష్టం. చెప్పరాకపోతే ఈడికి తీస్కరా, ఈడ కూసొని చెప్పు. నేనుంట."

"దీక్ష అయినంక..."

"రోగానికి దీక్ష లేదు."

రెండు రోజులు గడిచాయి. మంట తగ్గింది. మంట తగ్గితే మగవాడికి సగం పశ్చాత్తాపం కూడా తగ్గుతుంది. హనుమండ్లు సబ్జా సీసా మానేసి, దుకాణం ముందు కూర్చుని భజన పాటలు కూడా అందుకున్నాడు. ఖయ్యూంకు ఒళ్లు మండింది.

"ఎప్పుడు చెప్తవ్?"

"మంచిరోజు చూసి చెప్త స్వామీ."

"ముంబైల మంచిరోజు చూసే పోయినవా?"

ఆ మాట తగిలింది. అయినా చెప్పలేదు. మూడో రోజు మధ్యాహ్నం భిక్ష దగ్గర గురుస్వామి సదానందం పక్కన చేరాడు. సదానందం సింగరేణిలో రిటైరైన మనిషి, పదహారుసార్లు మాల వేసుకున్నాడు, శిష్యుల తప్పులన్నీ ఆయనకు కంఠతా వచ్చు. ఏం జరిగిందో మరునాడు హనుమండ్లే ఖయ్యూంకు చెప్పుకున్నాడు.

"గురుస్వామీ, దీక్షల అబద్ధం ఆడొద్దు గదా. మరి ఒక ముచ్చట చెప్పకుండ ఊకుంటే అది అబద్ధమైతదా?"

సదానందం విస్తరిలోంచి తలెత్తలేదు. "గుడ్డు తిన్నవా?"

"లేదు స్వామీ."

"బీడీ?"

"లేదు స్వామీ. గిది మాలేసుకోకముందటిది. ఇంట్లోళ్లకు చెప్పాల్సింది."

"చెప్పకపోతే ఎవరికన్న నష్టమున్నదా?"

"ఉన్నది."

"నీకా, వాళ్లకా?"

"వాళ్లకు."

"మరింక నన్నెందుకు అడుగుతున్నవ్ స్వామీ? పప్పు ఇటు జరుపు."

హనుమండ్లు పప్పు జరిపాడు. తన విస్తరి మాత్రం సగంలో మూసి లేచాడు. ఒంటిపూట భోజనం వదిలేసి పోయాడంటే సంగతి పెద్దదే అని గురుస్వామికి అప్పుడు అర్థమైందట.

ఇదంతా చెప్పి, "ఇయ్యాల ఇంట్ల చెప్త భాయ్" అని హనుమండ్లు లేచి పోయాడు. ఆ సాయంత్రం ఖయ్యూం ఇంట్లో చెవి గోడకు పెట్టలేదు. కుబ్రాను, పిల్లల్ని తీసుకుని గోదావరి ఒడ్డుకు పోయి చీకటి పడేదాకా మొక్కజొన్న కంకులు తినిపించాడు. "ఏందీ, ఇయ్యాల మామీద గింత ప్రేమ పుట్టింది?" అని కుబ్రా అడిగింది. ఊళ్లో మొగుళ్లు ఉన్నట్టుండి మంచివాళ్లైతే పెళ్లాలకు భయం వేసే కాలం వచ్చింది.

మర్నాడు పొద్దున ఖయ్యూం షట్టర్ ఎత్తేసరికే హనుమండ్లు మెట్టుమీద కూర్చుని ఉన్నాడు. నుదుటన సింధూరం లేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"చెప్పినవా?"

"చెప్పిన."

"కొట్టిందా?"

"కొడితే మంచిగుంటుండె భాయ్." ముక్కు కాషాయం కండువాతో తుడుచుకోబోయి, గుర్తొచ్చి, చేత్తో తుడుచుకున్నాడు. "ఒక్క తిట్టు తిట్టలే. స్వామీ అనుడు బంద్ చేసింది. పేరు పెట్టి పిలిచింది. పన్నెండేండ్లల్ల ఎన్నడు పిల్వలే. 'హనుమండ్లూ, ఎన్నడు?' అన్నది. తారీఖు చెప్పిన. ఏళ్లమీద లెక్కపెట్టుకున్నది. 'నువ్వొచ్చింది తెల్లారి గదా' అన్నది. అవునన్న. ఇగ అంతే. బిడ్డను పట్టుకొని లోపల పండుకున్నది. పొద్దుగాల లేచి తానం చేసి, మంచి చీర కట్టుకొని కూసున్నది. 'ఎప్పుడు తెరుస్తరు ఆ రూము?' అన్నది."

"మరి ఈడ కూసున్నవేంది? తీస్కపో!"

"మేడం చెప్పింది మొత్తం చెప్పిన భాయ్. ఆమెకు ఏమీ కనవడకపోవచ్చని, పిల్లల సంగతి, మూడు నెలల సంగతి... అన్నీ. అన్నీ ఇన్నది. 'నాకు మంచిగయినంక నీ ముచ్చట చూస్త' అన్నది. అవ్వగారింటికి పోతదో, ఉంటదో, ఏం చేస్తదో చెప్పలే. అడగనీకి నాకు ధైర్యం లేదు."

ఖయ్యూం లోపలికి పోయి జిరాక్స్ మిషన్ ఆన్ చేశాడు. అది వేడెక్కేదాకా గుర్రుమంటూ ఉంది. ఎదురుగా దవఖాన గేటు తెరిచారు. చీటీల లైను అప్పుడే మొదలైంది.

హనుమండ్లు లేచి నిలబడ్డాడు. పన్నెండో అంతస్తు మీద నిలబడేవాడి నిలకడ ఎక్కడా లేదు.

"భాయ్, ఒక్క పనిచెయ్యి. కుబ్రా భాబీని స్కూటీ తియ్యమని చెప్పు. జమున నా బండి ఎక్కనంటుంది. దేనికని భాబీకి నువ్వు చెప్పకు, ఆమెనే చెప్పుకుంటదట. నేను ఆటోల ఎనుకొస్త... దూరంగనే వస్త అని చెప్పు."